ఉత్తరపు కిటికీ

కాన్‌బెర్రాలో చలి ముదరకముందే బిందుమాధవి మల్లెతీగ కొమ్మల్ని కణుపు కింద కోసి, కుండీల్లోని తడి ఇసుకలో గుచ్చి, అడుగు కోసేసిన ప్లాస్టిక్ పాలసీసాలు వాటిమీద బోర్లించేది. బయట తల్లితీగ మంచుకి ఎలాగూ చచ్చిపోతుంది. మళ్ళీ ఏటికి మిగిలేది ఈ కొమ్మలే. వచ్చిన కొత్తలో, గుంటూరు అలవాటు కొద్దీ, ఎండ కోసం కుండీల్ని దక్షిణపు కిటికీలో పెట్టింది. ఈ దేశంలో చలికాలపు ఎండ ఉత్తరం నుంచి వస్తుందని తెలిసేసరికి అన్నీ కుళ్ళిపోయాయి. అప్పట్నుంచీ హాల్లో ఉత్తరపు కిటికీ వాటిదే. పొద్దున్నే ఇసుకలో వేలు పెట్టి తడి చూశాకే ఆమె కాఫీ తాగేది.

ఎనభై తొమ్మిది జూలైలో, అక్కడి నడి చలికాలంలో, డాక్టరైన భర్త హేమచంద్ర కొలీగ్స్‌ని డిన్నర్‌కి పిలిచాడు. "హాల్లో ఈ మట్టేంటి? వాళ్ళు వెళ్ళాక నేనే లోపల పెడతాలే," అని కుండీలన్నీ వెనకమెట్ల మీదికి చేర్చాడు. మరిచిపోయాడు. తెల్లారేసరికి ఆకులు నల్లగా వేలాడుతున్నాయి. ఆమె ఒక్కో కాడనీ గోటితో గీరి చూసింది. ఎక్కడా పచ్చదనం లేదు.

"స్ప్రింగ్‌లో ఇంకోటి కొందాంలే," అన్నాడు, షూ లేసు కట్టుకుంటూ.

ఆదివారం ఇంటికొచ్చిన స్నేహితురాలు లీల ఖాళీ కిటికీ చూసి, "మల్లెలేవక్కా?" అంది.

"చలికి పోయాయి," అంది బిందుమాధవి, భర్త వైపు చూస్తూ.

"ఇక్కడి ఫ్రాస్ట్ అలాంటిది మరి," అంటూ ఆయన లీలకి వివరంగా చెప్పడం మొదలుపెట్టాడు.