మణికట్టు తిప్పితే వచ్చే గొంతు

రెండేళ్ళ కిందటి ఆగస్టులో నన్ను శ్రీకాకుళంలోని ఒక అమెచ్యూర్ రేడియో శిక్షణ కేంద్రంలో సాంకేతిక సహాయకుడిగా వేశారు. హోదా పెద్దదే, కుర్చీ మాత్రం ప్లాస్టిక్‌ది. కాంట్రాక్టు ముగిసి ముప్పై ఒకటో ఏట రిటైరైనవాణ్ణి గనక ఉద్యోగ జ్ఞాపకాలు రాసే అర్హత వచ్చిందనే అనుకుంటున్నాను.

అప్పగించిన పని ఒకటే. తుపానులో ఫోన్లు మూగబోతే ఉపగ్రహం మీదుగా మాట్లాడడానికి తీరంలోని మా ఉపకేంద్రానికి ఒక యాంటెన్నా ఎంచాలి. అక్కడి ఆపరేటర్ లక్ష్మి. సముద్రంలో వేటకెళ్ళే ఇంటి పిల్ల, అప్పుడే రేడియో లైసెన్సు పరీక్ష గట్టెక్కింది. ఆమెకు చేత్తో పట్టుకునే యాగీ యాంటెన్నా కావాలి. పాత టీవీల కోసం మేడలమీద చేపముల్లులా ఉండేదే అది. నా మొగ్గు టర్న్‌స్టైల్ వైపు. శిలువలా రెండు కడ్డీలు, పైకప్పుకి బిగించేస్తే అయిపోయింది.

తేడా అంతా పోలరైజేషన్‌ది. రేడియో తరంగం నిలువుగానో అడ్డంగానో ఊగుతూ వస్తుంది. యాంటెన్నా అదే వాలులో ఉంటేనే బాగా అందుతుంది. ఉపగ్రహమేమో గింగిరాలు తిరుగుతూ పోతుంది, వాలు మారిపోతుంటుంది. యాగీ పట్టినవాళ్ళు దాని వెంట చెయ్యి తిప్పుతూ, మణికట్టూ మెలిపెట్టాలి. టర్న్‌స్టైల్ ఏ వాలునైనా సగం బలంతో అందుకుంటుంది. పెద్దమనుషుల తీర్పులాగా ఎవరికీ పూర్తి న్యాయం జరగదు, ఎవరూ అలిగి వెళ్ళిపోరు.

ఒక సాయంత్రం మా మేడమీద లక్ష్మి యాగీ ఎత్తింది. దూరంగా నాగావళి మీద వెలుగు పలచబడుతోంది. ముందు వట్టి హోరు. అందులోంచి, నిద్రలో ఎవరో పిలిచినట్టు, ఒక గొంతు తేలింది, మునిగింది. ఆమె మణికట్టు కాస్త వాల్చింది. మళ్ళీ తేలింది. చెన్నై నుంచి ఎవరో ఆమె కాల్‌సైన్, అంటే రేడియోలో ఆమెను గుర్తుపట్టే అక్షరాలు, తిరిగి చదివారు. ఏరు, మేడ, మేము, అన్నీ నేలనొదిలి కొంచెం పైకి లేచినట్టనిపించింది. నిజానికి లేచింది నా కాలొక్కటే. కేబుల్ చుట్టుకుంది.

అయినా సిఫారసులో నేను టర్న్‌స్టైలే రాశాను.

"ఏటి సార్, నా సేత్తో దొరికిన గొంతు సాల్లేదేటి? ఆ రెండు పుల్లలకి నాకన్నా తెలుసునా?" అంది లక్ష్మి.

"ఒరే, ఆ పిల్ల నీకన్నా బాగా పట్టిందిరా" అన్నారు మా పర్యవేక్షకులు గోవిందరావుగారు. నేను కాదనలేదు. చిక్కల్లా అదే. అలా పట్టగలిగింది ఆమె ఒక్కర్తే. అప్పట్నుంచి లక్ష్మి నాతో, రేడియో భాషలో 'అందింది' అనే "రోజర్" తప్ప ఇంకో మాట మాట్లాడలేదు.

అక్టోబరులో తుపాను రానే వచ్చింది. ఉపకేంద్రం బయట మనిషి నిలబడే వీల్లేదు. లక్ష్మి తలుపు వేసుకుని లోపల, పైకప్పు మీది టర్న్‌స్టైల్‌కి కలిపిన రేడియో ముందు కూర్చుంది. ఉపగ్రహం ఆకాశం అంచున కిందుగా ఉన్నంతసేపూ ఏమీ వినబడలేదు. నడినెత్తికి వచ్చాక అవతలి గొంతు సన్నగా, తెగకుండా వచ్చింది. రోడ్డు మునిగిందనీ మనుషులంతా షెల్టరులో క్షేమమనీ లక్ష్మి కబురు దాటించింది.

రెండోరోజు ఫోన్లు బాగయ్యాక ఆమే నాకు చేసింది. "పనిసేసింది సార్. నా యాగీ అయితే ఇంకా గట్టిగా వొచ్చీది" అంది.

వచ్చేదే. కానీ యాంటెన్నా ఎంచేటప్పుడు, మంచిరోజున ఎంత బాగా వింటుందన్నది రెండో ప్రశ్న. చెడ్డరోజున బయట నిలబడి దాన్ని పట్టుకునేదెవరన్నది మొదటిది.