పెద్దబాపు విప్పిన రిబ్బన్లు

మా పెద్దబాపు పోయాడని ఎల్లారెడ్డి నుంచి ఆయన కొడుకు, మా అన్న ఫోన్ చేసినప్పుడు నేను కామారెడ్డిలో, బడిలో, తొమ్మిదో తరగతికి లెక్కలు చెబుతున్నాను. "పొద్దుగాల లేచిండు, చాయ తాగిండు, చెప్పులేసుకుందామని వంగిండు, గట్లనే ఒరిగిండు" అన్నాడు అన్న. ఫోన్ పెట్టేశాక ఏం చేశానో చెబితే నన్ను మనిషి అనుకోరు. బోర్డు మీద సగంలో ఉన్న లెక్కను పూర్తి చేశాను. జవాబు కింద రెండు గీతలు కూడా గీశాను. ఆ తర్వాత సంచి తీసుకుని బస్టాండుకు పరుగెత్తాను.

బస్సులో సీటు ఖాళీగా ఉన్నా కూర్చోలేకపోయాను. కమ్మీ పట్టుకుని ఎల్లారెడ్డి దాకా నిలబడే వెళ్లాను. పదిహేను రోజులు దాటినా ఇప్పటికీ ఒకచోట కుదురుగా కూర్చోవడం నావల్ల కావడం లేదు. ఇదంతా కూడా వంటింటి గట్టు మీద కాగితాలు పెట్టుకుని, నాలుగు వాక్యాలకోసారి వాకిలిదాకా నడిచి వచ్చి రాస్తున్నాను. ఎక్కడైనా మాట తప్పిపోతే మన్నించండి.

పెద్దబాపు మా బాపుకు అన్న. పోచారం వైపు అడవిలో ముప్పై ఏళ్లు వాచర్‌గా చేశాడు. రిటైరై ఆరేళ్లయినా ఆయన అడవి డ్యూటీ మానలేదు. పొద్దున్నే చేతికర్ర పట్టుకుని, టైరు చెప్పులేసుకుని గుట్టల్లోకి పోవడం, పొద్దెక్కాక రావడం. "జీతమిచ్చుడు బందుజేసిండ్రు గని అడివిని బందువెట్టలేదు గద" అనేవాడు. జీవితంలో ఒక్క బీడీ తాగని మనిషి, ఆయన చొక్కా జేబు మాత్రం ఎప్పుడూ బీడీ వాసనే. ఎండాకాలం దారిన పోయేవాళ్లు ఆర్పకుండా పడేసిన బీడీ ముక్కలను రాతికి నలిపి, నిప్పు చచ్చిందని చూసుకుని, జేబులో వేసుకుని ఇంటికి తెచ్చేవాడు. పెండ్లయిన కొత్తలో ఆ వాసనకు పెద్దమ్మ మూడు నెలలు అనుమానపడిందట. చివరికి ఒకరోజు వెంట వెళ్లి చూసి వచ్చి, ఆ చొక్కాలను విడిగా ఉతకడం మొదలుపెట్టింది.

ఆయన నడిచిన దారి చూస్తే తెలిసేది. కదిలే రాయి కాలికి తగిలితే దాన్ని పక్కకు పెట్టి గానీ ముందుకు పోడు. "మనం జూసుకుని పోతం బిడ్డా, ఎన్కొచ్చేటోడు జూస్కుంటడో లేదో" అనేవాడు. ఆయనతో గుట్ట ఎక్కడమంటే ఒక మైలుకు రెండు గంటలు.

నా తీరు ఆయన తీరుకు పూర్తిగా వ్యతిరేకం. ఏదైనా గబగబా మొదలుపెడతాను, గబగబా వదిలేస్తాను. కుట్టుమిషను, హిందీ పరీక్షలు, మేడ మీద కూరగాయలు, అన్నీ సగంలో ఆగినవే. మొదట ఆగింది మాత్రం కానిస్టేబుల్ ఉద్యోగం. ఇరవై రెండేళ్లప్పుడు రాతపరీక్ష గట్టెక్కి పరుగు పరీక్షకు వెళ్లాను. రోజూ తెల్లవారి రోడ్డు మీద ఉత్త కాళ్లతో పరుగెత్తి అలవాటు చేసుకున్నదాన్ని. పరీక్షకు ముందురోజు సాయంత్రం పెద్దబాపు బజారుకు వెళ్లి తెల్ల కాన్వాస్ బూట్లు కొనుక్కొచ్చాడు. "నా బిడ్డ పోలీసోళ్ల ముంగట ఉత్త కాళ్లతోని ఉరుకుతదా?" అన్నాడు. ఆ మాటకు నేను కాదనలేకపోయాను.

ఆ బూట్లు సగం దూరంలోనే రెండు మడమలూ ఒలిచేశాయి. నేను ఆగిపోయాను. గేటు దగ్గర నిలబడ్డ పెద్దబాపుకు పిక్క పట్టేసిందని చెప్పాను. ఆయన తువ్వాలతో విసురుతూ "నౌకరి పోతే పోనియ్ తీ. కాళ్లు మంచిగున్నయి గద, గంతే సాలు" అన్నాడు. బూట్లు విప్పితే నెత్తురు చూస్తాడని ఇంటికి వచ్చేదాకా విప్పలేదు. ఆ సంగతి మా ఆయనకు కూడా చెప్పలేదు. పదహారేళ్లు అలాగే దాచుకున్నాను.

మొన్న వానాకాలం చివర ఫోన్‌లో ఒక ప్రకటన కనిపించింది. పోచారం వైపు రాళ్ల గుట్టల మీద యాభై కిలోమీటర్ల పరుగు, గడువు పదకొండు గంటలు, పట్నం నుంచి వచ్చే కుర్రాళ్లు జరుపుతున్నారు. అది చూడగానే ఒళ్లంతా చీమలు పాకినట్టయింది. ఒక్కటంటే ఒక్కటి చివరిదాకా చేయాలనిపించింది. అక్కడికక్కడే పేరు ఇచ్చేశాను. మా ఆయన నన్ను పైనుంచి కిందిదాకా చూసి "బండి మీద బాన్సువాడ పోయొస్తెనే నడుమునొప్పంటవు" అన్నాడు.

చేతిలో రెండు నెలలున్నాయి. ఒకటి వానలకు, ఒకటి పెండ్లిళ్లకు పోయింది. కాలేజీ గ్రౌండులో చుట్లు కొట్టాను, నున్నటి తారురోడ్డు మీద ఒకే ఒకసారి పద్నాలుగు కిలోమీటర్లు పోయాను. రాయి మీద మాత్రం అడుగు పెట్టలేదు. పదిహేను రోజులుందనగా భయం పుట్టి, ఆదివారం పూట ఎల్లారెడ్డి పోయి పెద్దబాపు ముందు కూర్చున్నాను.

ఆయన నవ్వలేదు. వెంటనే చేతికర్ర అందుకున్నాడు. ఆ రోజు గుట్ట మీద ఆయన నేర్పినవి మూడే. ఎక్కేటప్పుడు మాట్లాడుతూ ఎక్కాలి, మాట రాలేదంటే జోరు ఎక్కువైందన్నట్టు. దిగేటప్పుడు అడుగు చిన్నగా వేయాలి. పది నిమిషాలకోసారి వెనక్కి తిరిగి వచ్చిన దారి చూడాలి. "పోయేటప్పుడు తొవ్వ ఒక తీరుంటది, అచ్చేటప్పుడు ఇంకో తీరుంటది. రెండు దిక్కులా ఎరికుంటెనే తప్పిపోవు" అన్నాడు. దిగి వచ్చాక "పోటీ ఏనాడు?" అని అడిగి, ఆ ఆదివారం గోడ మీది క్యాలెండర్‌లో పెన్నుతో సున్నా చుట్టాడు.

పరుగు రోజు తెల్లవారి అందరితో పాటు బయల్దేరాను. మొదటి ఇరవై కిలోమీటర్లు బాగానే పోయాను. ఆ తర్వాత గుట్టలు మొదలయ్యాయి. ఇంటి గోడలంత గుండ్లు, వాటి మధ్య మోకాలు పట్టని సందులు, ఆ సందుల్లో పరికి ముళ్లు. పరుగు ఎప్పుడో మానేసి చేతులూ కాళ్లూ ఊతం చేసుకుని పాకుతున్నాను. రెండు వేళ్ల గోళ్లు బూట్లలోనే నల్లబడ్డాయి. దారి తెలియడానికి కుర్రాళ్లు ముందురోజు చెట్లకు ఎర్ర రిబ్బన్లు కట్టి ఉంచారు. రిబ్బన్ నుంచి రిబ్బన్‌కు, అంతే నా లోకం.

నలభై ఐదు కిలోమీటర్లు దాటాక రిబ్బన్లు లేవు. ముందు పోయినవాళ్లు ఫోన్‌లో దింపుకున్న మ్యాపు చూసుకుని దాటారని తర్వాత తెలిసింది. నాతో పాటు నిజామాబాద్ నుంచి వచ్చిన ఇద్దరు అన్నదమ్ములు ఉన్నారు. ముగ్గురం మూడు వైపులకు పోయి చూసి వచ్చాం. ఫోన్లకు సిగ్నల్ లేదు. దగ్గర దగ్గర గంట పోయింది. నీళ్లు అడుగంటాయి. నేను ఒక గుండు మీద కూలబడి మనసులోనే లెక్క వేసుకున్నాను. ఇంకో అరగంట ఇలాగే పోతే గడువులో చేరడం కల్ల.

అప్పుడు పైనుంచి "ఓ బిడ్డా!" అన్న కేక వినిపించింది. పెద్దబాపు. చేతికర్ర ఒక చేతిలో, తువ్వాల మూట ఇంకో చేతిలో. గబగబా దిగి వచ్చి, మొహమంతా వెలిగిపోతుంటే మూట విప్పి చూపించాడు. నిండా ఎర్ర రిబ్బన్లు.

"జూడు బిడ్డా. నిన్న మాపటికి అచ్చి జూస్తె టేకు చెట్లకు గుర్తులు గట్టిండ్రు దొంగలు. రెండు మైళ్ల దాక ఒక్కటి ఇడువకుంట ఇప్పిన. బీటాఫీసర్‌కు అప్పజెప్దామని తెస్తున్న. నువ్వు ఉరికే తొవ్వల దొంగలెందుకుండాలె?"

ఆయన ఉద్యోగమంతా అదే మరి. అడవిలో చెట్టుకు గుడ్డ కనిపించినా రంగు కనిపించినా, అది నరకడానికి పెట్టిన గుర్తేనని ముప్పై ఏళ్లు చెరిపేస్తూ, విప్పేస్తూ వచ్చాడు. "పోటీ అంటె సున్నం గీత గీస్తరు గద. గీత కోసం మస్తు దేవులాడిన, యాడ లేదు" అన్నాడు. అన్నదమ్ముల్లో ఒకాయన నెత్తి పట్టుకున్నాడు. రెండో ఆయన పడీపడీ నవ్వాడు. ఆ నవ్వుకు నాకు ఒళ్లు మండింది.

ఇవాళ ఎవరైనా చెబితే నేనూ నవ్వుతాను. ఆ గుండు మీద, ఎండలో, ఎండిన నోటితో నేను నవ్వలేదు. అరిచాను.

"నీకెవలు చెప్పిండ్రు ఇప్పుమని? ఎప్పుడు నీవల్లనే పోతది నాకు! అప్పుడు గూడ నీ బూట్లే నా కాళ్లు ఒలిసినయి. పిక్క పట్టలె, ఏం పట్టలె. నీ బూట్లతోని నౌకరి పోయింది, ఇయ్యాల నీ తెలివితోని ఇది పోతుంది. నాతోని మాట్లాడకు. నా దిక్కు జూడకు. ముందల నడువు, తొవ్వ జూపియ్, గంతే."

నవ్వుతున్న ఆ రెండో ఆయన నవ్వు ఆపేశాడు. పెద్దబాపు నా కాళ్ల వైపు చూశాడు. మొహం వైపు చూడలేదు. "గప్పుడే చెప్పకపోతివి బిడ్డా" అన్నాడు. అంతే. ఆ తర్వాత నాతో ఒక్క మాట మాట్లాడలేదు. మాట్లాడవద్దన్నానుగా.

ముందు నడిచాడు. విప్పిన ప్రతి చెట్టూ ఆయనకు గుర్తుంది. ఒక్కో చెట్టు దగ్గర ఆగి, మూటలోంచి రిబ్బన్ తీసి, మళ్లీ కట్టుకుంటూ పోయాడు. నేను పళ్లు నూరుతూ నిలబడ్డాను. నా వెనక ఇంకా పదిమంది రావాల్సి ఉందని నాకు తట్టలేదు, ఆయనకు తట్టింది. అన్నదమ్ములు దారి తెలియగానే ముందుకు ఉరికారు. చివరి గుట్ట దిగాక ఆయన కర్రతో, పరుగు ముగిసే చెరువు కట్ట వైపు చూపించి, రిబ్బన్ల మూటతో వచ్చిన దారినే వెనక్కి మళ్లాడు. నా తొందర చూసి మధ్యలో దాటేసిన చెట్లు ఇంకా మిగిలే ఉన్నాయి మరి.

గడువుకు పన్నెండు నిమిషాలు ఉండగా చేరాను. మెడలో మెడల్ వేశారు, ఫొటో తీశారు. జీవితంలో ఒకటి పూర్తి చేశాను. ఆయన దారి చూపకపోతే అది కూడా సగంలోనే ఆగేది. పెద్దబాపు గుట్ట దిగేసరికి నేను కామారెడ్డి వ్యానులో ఉన్నాను.

తర్వాత ఆయనే ఫోన్ చేశాడు. వారానికొకసారి, ఒకటే ప్రశ్న: "కాళ్లు మానినయా?" మానాయని చెప్పేదాన్ని. ఆ మాట వెనక ఇంకో మాట నోటిదాకా వచ్చేది. ఇలాంటివి ఫోన్‌లో చెప్పేవి కావు, వచ్చే ఆదివారం పోయి కాళ్లు పట్టుకుని చెబుదాం అనుకునేదాన్ని. వచ్చే ఆదివారం పరీక్ష పేపర్లు. ఆ పై ఆదివారం ఎవరిదో గృహప్రవేశం. రెండు నెలల ఆదివారాలు అలా గడిచాయి. యాభై కిలోమీటర్లు రాళ్ల మీద పాకినదాన్ని, గంట బస్సు ప్రయాణం చేయలేకపోయాను.

మూడోరోజు పిట్టకు పెట్టారు. విస్తరిలో అన్నం పెట్టి అందరం దూరం జరిగి నిలబడ్డాం. కాకి వచ్చి చెట్టు మీద వాలింది, దిగలేదు. "ఏదో మనసుల వెట్టుకుండు, ఎవలన్న మాటియ్యుండ్రి" అన్నారు పెద్దలు. పెద్దమ్మను బాగా చూసుకుంటానని మా అన్న మాట ఇచ్చాడు. కాకి కదల్లేదు. నా మాట కోసమే ఆగాడనిపించింది. నోరు తెరిచాను. అంతలో పెద్దమ్మ "నీ అంగీలు ఎవలకియ్య, నేనే దాసుకుంట తియ్" అంది. కాకి దిగి ముద్ద ముట్టింది. అందరూ హమ్మయ్య అనుకుని కాళ్లు కడుక్కోవడానికి పోయారు. నేను ఆ చెట్టు చుట్టూ తిరుగుతూ ఉండిపోయాను. ఆయన నా మీద మనసులో ఏమీ పెట్టుకోలేదని అందరూ అంటారు. నిజమే కావచ్చు. ఆ నిజం నాకు కుదురు ఇవ్వడం లేదు.

ఒక సంగతి దాటేశాను. రాయకూడదనుకున్నాను. కానీ అది రాయకపోతే ఇదంతా రాసి లాభం లేదు.

చివరి గుట్ట దిగేటప్పుడు ఒక పెద్ద పరుపు బండ ఉంది, ఏటవాలుగా, నున్నగా. పెద్దబాపు రెండడుగులు ముందు దిగి ఆగాడు. తన వైపు చూడొద్దన్నానని వెనక్కి తిరగలేదు. ఎడమ చెయ్యి మాత్రం వెనక్కి చాపాడు, అరచెయ్యి పైకి తెరిచి, పట్టుకొమ్మని. నేను ఆ చెయ్యి చూశాను. చూసి, పక్కకు జరిగి, ఒక గుండు చాటునుంచి బండ మీద కూర్చుని జారుకుంటూ నా అంతట నేనే దిగాను. కింద ఆ గుండు చాటునే నిలబడి బట్టలు దులుపుకుని పైకి తొంగి చూశాను. నేను దిగిపోయానని ఆయనకింకా తెలియదు. బండ మధ్యలో, తల తిప్పకుండా, చెయ్యి అలాగే వెనక్కి చాపి నిలబడి ఉన్నాడు.