ముందు పొగడ్త, వెనక పొగడ్త

అమెరికాలో డులూత్‌లోని ఓ కాలేజీలో విమర్శనాత్మక పఠనం, వ్యాసరచన నేర్పే కొరీన్ హాల్వర్సన్ ఎవరినీ నొప్పించదు. ఎర్రసిరా మనసు గాయపరుస్తుందని పచ్చసిరాతో దిద్దుతుంది. చేదుమాత్రని బెల్లంలో చుట్టినట్టు ప్రతి తప్పుకీ ముందో పొగడ్త, వెనకో పొగడ్త పెడుతుంది. వర్క్‌షాపు పెట్టి మరీ ఈ విద్యని డీన్‌తో సహా అందరికీ నేర్పింది. డెస్మండ్ అనే విద్యార్థి వ్యాసం మీద, "శీర్షిక అద్భుతం. వాదనకి ఆధారం లేదు. మార్జిన్లు ముచ్చటగా ఉన్నాయి" అని రాస్తే, వాడు పొంగిపోయి, ఒక్క ముక్క మార్చకుండా మళ్లీ తెచ్చాడు. "మధ్యది చదవాలయ్యా! చదవడమంటే అదీ!" అని మందలించింది.

ఆ శుక్రవారం డీన్ దగ్గర్నుంచి మెయిల్ వచ్చింది. కళ్లజోడు మెడలో వేలాడుతుండగానే ఆవిడ మురిసిపోతూ క్లాసుకి వినిపించింది. "మీ అంకితభావం అపూర్వం. వచ్చే సెమిస్టర్ నుంచి మీకు ఇక్కడ క్లాసుల శ్రమ ఉండదు. మీరు చేసి తెచ్చే గుమ్మడి మఫిన్లు అమోఘం."

"చూశారా, మఫిన్లు కూడా మర్చిపోలేదు మహానుభావుడు!"

డెస్మండ్ మెల్లగా చెయ్యెత్తాడు. "మేడమ్... మధ్యది చదవండి."

కొరీన్ కళ్లజోడు పెట్టుకుని మళ్లీ చదివింది. అలవాటుగా పచ్చపెన్ను మూత తీసింది.

"వాక్యం... చక్కగా ఉంది," అంది చివరికి. తిట్టాలన్నా ముందు పొగడాలి కదా మరి.