వీపు వెనక చట్టి

మా చిన్నమ్మ సంగటి చట్టిని వీపు వెనక పెట్టుకొని వడ్డనకు కూర్చునేది. 1980ల్లో మా అవ్వ పేగు క్యాన్సర్‌తో పోయినాక, ధర్మపురి డాక్టరమ్మ చెప్పిన మాటను ఆమె గట్టిగా పట్టుకుంది.

"రానే రాదని కాదు మామా, కూరలూ పండ్లూ బాగా తింటే ముప్పు తగ్గుతుందంట. ముందు కూరగాయల పొరియల్, తర్వాతే సంగటి" అనేది తాతతో.

"నేనేమన్నా మేకనా?" అని తాత కసిరేవాడు. చట్టి మాత్రం కదిలేది కాదు.

ఒకరోజు పాలక్కోడు నుంచి చుట్టాలు వచ్చినారు. వాళ్ల ముందర తాత పరువు పోకూడదని చిన్నమ్మ సంగటే ముందు వడ్డించింది. తాత ముద్దను పక్కకు జరిపి, అందరూ వినేటట్టు అరిచినాడు.

"ఏమ్మా, నా గుమ్మడికాయ పొరియల్ ఏదీ?"

మరుసటి పూట చిన్నమ్మ చట్టిని అందరి మధ్యలోనే పెట్టింది. పొరియల్ తినేదాకా దాని వైపు ఒక్క చెయ్యీ పోలేదు.