పెనం దించే మాట

గజపతినగరం దగ్గర దాలయ్య బెల్లం వండే చోట ఒక్క మాటకే విలువ. ఆ మాట "దించండి". చెరకు రసం మరిగి మరిగి పాకానికి వచ్చిన క్షణంలోనే అది పడాలి. ముందు పడితే బెల్లం గట్టిపడదు, వెనక పడితే మాడుతుంది. ముప్పై ఏళ్లుగా ఆ మాట దాలయ్యదే. కొడుకు అప్పలసూరి పని రసం కాగే పెద్ద పెనం పొయ్యి మీంచి దించడం. పెనానికి పట్టుకునే కడియాలు కాలిపోతుంటాయి కాబట్టి, భుజం మీది తువ్వాలు ముందే తీసి, ఫట్‌మని దులిపి, చేతులకు చుట్టుకుని నిలబడతాడు. రెండో పక్క అతని కొడుకు నరేష్ పట్టుకుంటాడు.

అప్పలసూరికి యాభై ఆరేళ్లు. తండ్రి తర్వాత పాకం తిప్పే తెడ్డూ, ఆ మాటా తనవేనని నోరెత్తకుండా కాచుకున్నాడు. పెద్దాయన ఏం చేశాడు? ఈ ఏడు పొయ్యి వెలిగించిన రోజున కొబ్బరికాయ కొట్టి, తెడ్డు తీసుకెళ్లి నరేష్ పెళ్లాం సుహాసిని చేతిలో పెట్టాడు. కాపురానికొచ్చి మూడేళ్లయినా నిండని పిల్ల!

"ఈయేల్నించి పెనం ఈ పిల్లదిరా. ఇది సెప్తేనే దించాల" అన్నాడు.

అప్పలసూరికి కుళ్లు పుట్టింది. కోడలి మీద కుళ్లేమిటని లోకం నవ్వితే నవ్వనీ, కుళ్లు కుళ్లే. ఆ పిల్ల తెడ్డు పట్టుకుంటే తన చెయ్యి ఎవరో నరికి పట్టుకెళ్లినట్టుండేది. పోనీ పాకం చెడిందా అంటే అదీ లేదు. వరసగా పది పెనాలు బంగారంలా దిగాయి. కొనడానికి వచ్చినవాళ్లు బెల్లం ముక్క నోట్లో వేసుకుని, "మీ కోడలి సెయ్యి మంచిదోయ్ సూరీ" అనేవారు. వాళ్ల నోట్లో తీపి, ఇతని నోట్లో వేపాకు.

పదకొండో పెనం నాడు అప్పలసూరికి మొండితనం వచ్చింది. పిలిస్తే లేద్దాం, అంతదాకా మనకేటి పని అనుకుని, తువ్వాలు తలకింద పెట్టుకుని చెరకు పిప్పి కుప్ప మీద వాలాడు. రసం నురగ తగ్గింది. బుడగలు చిన్నవై చిటపటలాడాయి. ఇదే అదను అని అతనికి తెలుసు. సుహాసిని తెడ్డు తిప్పుతూ పెనం వంక కాదు, అతని వంకే చూస్తోంది. అతను కళ్లు మూసుకున్నాడు. నాలుక దురద పెట్టింది, పళ్లతో నొక్కిపెట్టాడు.

మాడు వాసన కొట్టాక గానీ ఆ పిల్ల నోట్లోంచి మాట రాలేదు. బెల్లం నల్లగా, చేదుగా దిగింది. అప్పలసూరికి లోపల ఎంత హాయి! ఇక తెడ్డు తన దగ్గరికి రాక ఎక్కడికి పోతుంది?

దాలయ్య కర్ర పొడుచుకుంటూ వచ్చాడు. మనవడి పెళ్లాన్ని పల్లెత్తు మాట అనలేదు.

"ఒరే సూరీ, తువ్వాలేదిరా?"

"తువ్వాలుకేటి? ఉన్నాది."

"మరి సప్పుడు కాలేదేం? నా కళ్లు మసకబారి ఎనిమిదేళ్లయినాది. పెనంలో నాకేటి అవుపిస్తాది? నువ్వు తువ్వాలు దులిపితే పాకం వొచ్చీసినట్టు. అప్పుడు దించండీ అనేవోణ్ణి. ఈ పిల్లకీ అదే సెప్పినాను."

ఎనిమిదేళ్లు ఊరంతా మెచ్చుకున్న పాకం తనదా?

"అంతా నాకే తెలిస్తే, తెడ్డు నాకెందుకివ్వనేదు?" చిన్నపిల్లాడిలా తగువుకి దిగాడు.

"నువ్వెప్పుడడిగినావురా? ఆ పిల్ల అడిగినాది" అన్నాడు ముసలాయన.

పన్నెండో పెనం ఎక్కింది. అప్పలసూరి పొయ్యి పక్కనే నిలబడ్డాడు, తువ్వాలు భుజం మీదుంది. సుహాసిని అతని వంకే చూస్తోంది. తెడ్డు చేతికందేంత దూరంలో ఉంది. "ఇలాగియ్యమ్మా" అంటే చాలు, ఇచ్చేస్తుంది. ఆ మాట గొంతు దాకా వచ్చింది. కోడల్ని అడగాలా? నిన్నగాక మొన్నొచ్చిన పిల్లనా? మింగాడు. మళ్లీ వచ్చింది. నోరు తెరిచాడు.

ఈలోగా బుడగలు చిటపటలాడాయి. పాకం ఎవరి కోసమూ ఆగదు. అతని చెయ్యి తనంతట తానే భుజం మీదికి వెళ్లి తువ్వాలు ఫట్‌మని దులిపింది.

"దించండి" అంది సుహాసిని.

అప్పలసూరి వంగి కడియం పట్టుకున్నాడు.