ఊపిరక్క చెప్పిన నిజం

మా కాన్పుల వార్డులో ఊపిరక్క అంటే తెలియనివాళ్లు లేరు. పందొమ్మిదేళ్లుగా నొప్పులు పడే ప్రతి మనిషికీ "ఊపిరి వదులు, ఇంకా వదులు" అని చెప్పీ చెప్పీ సొంత పేరు పోగొట్టుకున్న నర్సు. నొప్పి తెలియకుండా వెన్నులో మందు పెట్టేటప్పుడు మనిషిని కూర్చోబెట్టి, తల తన భుజం మీద వాల్చుకుని, కదలకుండా పట్టుకోవడం ఆమె పని. ఆమె పట్టుకుంటే మా మత్తు డాక్టరుకు రెండోసారి గుచ్చే అవసరం రాదు.

మందు ఎక్కి ఆ మనిషి ముఖం తేటపడుతుంటే మాత్రం ఊపిరక్క ముఖం మాడిపోతుంది. ఆమె ఇద్దరు పిల్లల్నీ ఆ సూది లేకుండానే కంది. మొదటిసారి మత్తు డాక్టరు ఆపరేషన్‌లో ఇరుక్కుపోయాడు. రెండోసారి ఆయన వచ్చేసరికి బిడ్డ తల కనబడుతోంది. "మేం కనలేదా?" అని అత్తగారు మూతి తిప్పిందట. అదే అత్తగారు ఇప్పుడు చిన్నకోడలికి ఏడో నెల నుంచే "సుకుమారం పిల్ల, ఆ సూది వేయించాల్సిందే" అని పాట అందుకుంది. ఊపిరక్క కడుపు మండిపోయింది. నా దగ్గర దాచుకోలేదు కూడా.

"ఆవిడ సుకుమారం. నేనేమో బండరాయిని" అంటూ టీ గ్లాసు ఠక్కున పెట్టేది.

ఆ తోటికోడలు మొన్న పొద్దున పదిన్నరకి నొప్పులతో వచ్చింది. కాల్లో రక్తం గడ్డకట్టిందని ఆమె కొన్ని నెలలుగా పొట్టమీద రక్తం పలచబరిచే ఇంజెక్షన్ తీసుకుంటోంది. ఊపిరక్క ఎప్పటిలాగే ఆమె తల భుజం మీద వాల్చుకుంది. మత్తు డాక్టరు గ్లౌజులు తొడుక్కుంటూ అడిగాడు.

"ఆ ఇంజెక్షన్ చివరిసారి ఎప్పుడు వేసుకున్నావమ్మా?"

"నిన్న పొద్దున, డాక్టరుగారూ."

ఊపిరక్క బిగుసుకుపోయింది. ఆరోజు పొద్దున ఏడింటికి తమ ఇంటి వంటగదిలో తోటికోడలు ఇంజెక్షన్ వేసుకోవడం ఈమె కళ్లారా చూసింది. అది వేసుకున్న రోజే వెన్నులో సూది దిగితే, లోపల రక్తం చేరి కాళ్లు పడిపోవచ్చు. ఆ సంగతి తోటికోడలికీ ముందే చెప్పారు. నొప్పికి తాళలేక అబద్ధమాడింది.

"ఇవాళ పొద్దున ఏడింటికి వేసుకుంది. నేను చూశాను" అంది ఊపిరక్క.

డాక్టరు గ్లౌజులు తీసేశాడు. "అయితే వెన్నులో వద్దు. చేతి నరంలోకి వేరే మందు ఇస్తాను. నొప్పి తగ్గుతుంది గానీ పూర్తిగా పోదు."

తోటికోడలు తల ఎత్తి ఈమె ముఖంలోకి చూసింది. "నీకు దక్కనిది నాకెందుకు దక్కనిస్తావులే, అక్కా."

ఊపిరక్క ఆరు గంటలు మంచం పక్కనే నిలబడింది. ఆవిడ పిడికిట్లో ఈమె వేళ్లు నలిగిపోయాయి. "ఊపిరి వదులు" అన్నప్పుడల్లా ఆవిడ ముఖం అటు తిప్పుకునేది. సాయంత్రానికి ఆడపిల్ల పుట్టింది. కాసేపటికి తల్లి తన కాళ్ల మీద తనే నడిచి వేరే మంచం మీదికి మారింది.

బట్టలు మార్చుకునే గదిలో నేను ఊరుకోలేకపోయాను.

"మంచిపని చేశావక్కా. ఆవిడ కాళ్లు నిలబెట్టావు. ఎప్పటికైనా తెలుసుకుంటుందిలే."

"మంచిపనే" అంది యూనిఫాం మడతపెడుతూ. "నా చోట నువ్వున్నా అదే చెప్పేదానివి. కాకపోతే బాధపడుతూ చెప్పేదానివి. నేను సంతోషంగా చెప్పాను. తన చెవి నా నోటి పక్కనే ఉంది కదా, వినబడింది."