తలుపు మూసిన గదిలో ఉయ్యాల

ఉగాదినాడు మా ఇంట్లో పెద్దలకు బట్టలు పెడతాం. పీట మీద కొత్త చీర, పంచె ఉంచి, ముందు విస్తరి వేసి, పచ్చడీ బొబ్బట్లూ వడ్డించి, దీపం వెలిగించి తలుపు మూసేస్తాం. వాళ్ళు వచ్చి తిని వెళ్ళేదాకా ఎవరూ తలుపు తీయకూడదు. మాచర్లలో మాకు ఇల్లున్న రోజుల్లో దీనికోసమే ఒక గది ఉండేది. ఆ ఇల్లు ఇప్పుడు ఎవరిదో కల్యాణ మండపం. నేను ఆ దారిన వెళ్ళను.

ఇల్లు పోయినా ఆచారాన్ని మేము తగ్గించుకోలేదు. ఒక్కగానొక్క సంతానాన్ని కనుక, పెళ్ళయ్యాక నరసరావుపేట అద్దె వాటాలో నేనే ఆ విస్తరి వేస్తున్నాను. మా మేనత్త గురజాల నుంచి వచ్చి దగ్గరుండి చేయిస్తుంది.

పాప పుట్టాక వచ్చిన మొదటి ఉగాది అది. అమ్మ నా కాన్పు చూడకుండానే పోయింది. పీట మీద చీర ఆమెకే. నెలల పాపను నేను ఎలా ఎత్తుకున్నా అత్తకు తప్పే కనపడేది.

"ఏందే ఆ పట్టుకోవడం? బిడ్డ అనుకున్నావా, బిందె అనుకున్నావా?"

ఆవిడ అన్నది నిజమేనేమోనని లోపల భయం.

మాకున్న లోపలి గది ఒక్కటే. కూలర్ ఉన్నదీ అక్కడే. పైకప్పు కొక్కేనికి గొలుసుతో కట్టిన చీర ఉయ్యాలలో పాప నిద్రపోతోంది. వడ్డించి, అలవాటుగా తలుపు మూసి బయటికి వచ్చాక గానీ ఆ సంగతి నాకు తట్టలేదు.

"పాప లోపలుంది అత్తా."

"ఉండనీ. వాళ్ళ బిడ్డేగా. ఇప్పుడు తలుపు తీస్తే ఇంక ఈ గడప తొక్కరు."

అంతలో కరెంటు పోయింది. కూలర్ ఆగిన నిశ్శబ్దంలో పాప ఏడుపు అందుకుంది. నేను లేచాను. లోపల ఉయ్యాల గొలుసు కిర్రుమంది. ఆగి, మళ్ళీ కిర్రుమంది. తొందర లేకుండా, చెయ్యి తిరిగినవాళ్ళు ఊపినట్టు. ఏడుపు తగ్గి పాప కిలకిలా నవ్వింది. నా దగ్గర అది ఎప్పుడూ అలా నవ్వలేదు.

అత్త కళ్ళు మెరిశాయి. "మీ అమ్మేనే! పిల్లల్ని ఆడించడం వదినకు నీకంటే చానా బాగా తెలుసు. కూర్చో."

తలుపు ముందు నిటారుగా కూర్చున్నాను. గొలుసు చప్పుడు సాగుతూనే ఉంది. పాప నవ్వు మాత్రం ఆగిపోయింది. ఏడుపూ లేదు.

తలుపు తీశాను.

పాప కళ్ళు తెరిచే ఉంది. నా వైపు చూడలేదు. ఉయ్యాలకూ గోడకూ మధ్య ఖాళీలోకి చూస్తోంది. ఎత్తుకున్నాను. ఆ ఉక్కలోనూ ఒళ్ళు చల్లగా ఉంది. పాప లేని ఉయ్యాల అదే ఊపున కదులుతోంది.

"అమ్మా, నువ్వు భోంచెయ్యి. పాపను నేను చూసుకుంటాను," అన్నాను.

ఉయ్యాల ఆగింది.

"ఎంత పని చేశావే! ఇంక రారు," అని అత్త గడప అవతలే నిలబడి తల కొట్టుకుంది.

"రాకపోతే మానె. నా బిడ్డ ఏడిస్తే తలుపు తీస్తా అత్తా."

ఈ ఉగాదికీ విస్తరి వేశాను. తలుపు మూశాను. పాపను ఒళ్ళో పెట్టుకుని ఈసారి నేనూ లోపలే కూర్చున్నాను. కాసేపటికి పాప పీట వైపు రెండు చేతులూ చాచింది, ఎవరో రమ్మన్నట్టు. ముందుకు దూకబోయింది.

నేను చెయ్యి వదల్లేదు. "ఇక్కణ్ణుంచే పలకరించు అమ్మమ్మను," అన్నాను.